పన్నెండింటి వెలుగు

మెట్లు ఇరవై ఆరు.
ఎత్తు తక్కువ, వెడల్పు ఎక్కువ.
ఎక్కేది తల్లులు, వాళ్ళ మోకాళ్ళ సంగతి నాకు తెలుసు
అన్నాడట నక్షా గీసిన ట్రెగార్తెన్.
కుడిచెయ్యి యుద్ధంలో పోయింది, ఎడమచేత్తో గీశాడు.
అందుకే భవనం రవ్వంత ఎడమకి ఒరిగిందని
మా ఊళ్ళో ఒక వేళాకోళం.
కొలిచి చూశాం. ఒరగలేదు.

తాళంచెవులు నా దగ్గరే ఉంటాయి.
ఆరింటికి కంచు తలుపు భుజంతో తోస్తాను.
లోపలి చలి గనిలో చలి.
రాగి తవ్వుకుని బతికిన నగరం మాది,
గుమ్మటం మీద రేకు కూడా ఈ నేల కడుపులోదే,
వానలకి నాని నాని పచ్చబడింది.

గోడలు నల్లరాయి.
హోదాలు లేవు, పతకాలు లేవు,
కల్నల్ పక్కనే రొట్టెలబట్టీ కుర్రాడు.
అక్షరక్రమం ఒక్కటే అక్కడి క్రమశిక్షణ.
పెంగెల్లీ పేరులో ఒక అక్షరం తక్కువ చెక్కారు.
వాళ్ళక్క పదకొండేళ్ళు ఉత్తరాలు రాసింది.
చివరికెవరో ఉలి పట్టుకొచ్చి
రెండక్షరాల సందులో
అగ్గిపుల్లంత గీత ఇరికించి పోయాడు.
చేత్తో తడుముతూ పోతే
గోడ మొత్తంలో వేలు ఆగేది అక్కడే.

పేర్లు అయిపోయాక ఖాళీ రాయి.
ముందుచూపుతో వదిలిన జాగా, మూడు మూరలు.
ఆ తర్వాతి యుద్ధాలకి రెండు నిండాయి.
మిగిలిన మూరెడూ
అద్దంలా నున్నగా, ఆకలిగా ఉంటుంది.
దాన్ని తుడిచేటప్పుడు స్తమతియా మొహం తిప్పుకుంటుంది.

నట్టనడుమ సమాధి, లోపల ఎవరూ లేనిది.
దాని మీద ఒకే మాట: ఇక్కడ.
ఒకడు ఫ్రాన్సు బురదలో, ఒకడు ఎడారి ఇసుకలో,
ఒకడు ఏ సముద్రంలోనో చెప్పలేక
సైన్యం పంపిన రెండు వాక్యాల కాగితంలో.
అయినా, ఇక్కడ.

దానికి నిట్టనిలువుగా గుమ్మటంలో
అరచెయ్యంత కన్నం.
నవంబరు పదకొండున పదకొండు గంటలకి
ఎండ దిగొచ్చి ఆ మాట మీద నిలబడాలని లెక్క.
నిలబడేది కూడా.
తర్వాత సర్కారు వేసవి గడియారాలన్నిటినీ
గంట ముందుకి తిప్పింది.
సూర్యుడికి ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు పదకొండింటికి బూర ఊదుతారు,
మేయరు తల వంచుతుంది,
రాయి మాత్రం నీడలో ఉంటుంది.
స్తంభం వెనక నిలబడి నేను స్విచ్చి నొక్కుతాను.
పసుపు దీపం.
ముందు వరస ముసలాయన ఒకడు
ఏటా దానికే సెల్యూట్ చేస్తాడు.
ఆ ఒక్క నిమిషం నా బొటనవేలుకి సిగ్గేస్తుంది.

పదకొండున్నరకల్లా అందరూ
టీకీ బిస్కెట్లకీ వెళ్ళిపోతారు.
స్తమతియా బకెట్టుతో వస్తుంది.
ఇవాళ సెలవు తీసుకోమంటే వినదు.
వాళ్ళమ్మ పుట్టిన కొండపల్లెలో
మగవాళ్ళందరినీ బడిగోడకి ఆనించి కాల్చారట.
మరి ఆ గోడ, అని అడిగాను ఒకసారి.
సున్నం కొట్టేశారు, అంది.
మళ్ళీ బడి నడవాలిగా.

సరిగ్గా పన్నెండుకి
కన్నంలోంచి వెలుగు దిగుతుంది.
ముందు ఆమె బకెట్టులో పడుతుంది,
పైన గుమ్మటం లోపలి కప్పు మీద,
ఏ పేరూ చెక్కని చోట,
గిలగిలా కొట్టుకుంటుంది.
ఆమె కాలితో బకెట్టుని పక్కకి నెడుతుంది.
వెలుగు రాతి మీదికి ఎక్కి
మాటలో మొదటి అక్షరం నుంచి చివరిదాకా
తాపీగా, చదువు కొత్తగా వచ్చినవాడిలా పాకుతుంది.
మూడు నిమిషాలు.
అటుపైన జారి, జాగ్రత్త, తడి నేల
అన్న పచ్చ ప్లాస్టిక్ బోర్డు మీద కాసేపు.

ఆమె ఏమీ అనదు. తుడుపుకర్ర పిండుతుంది.

ప్రతి ఏడూ కమిటీలో ఎవరో ఒకరు లేస్తారు,
కప్పులో అద్దం బిగించి
ఎండని గంట వెనక్కి లాగలేమా అని.
కాగితాలు తిరగేసినట్టు నటించి
నేను గొంతు సవరించుకుంటాను:
చాలా ఖర్చవుతుందండీ.